దోమల్ని పట్టి లెక్కపెట్టేవారు

సూర్యుడు అస్తమించి పది నిమిషాలయింది. మేతకు వెళ్లిన పశువులు ఇళ్లకు చేరాయి. కొట్టంలో ఒక గేదె చెవులు ఆడిస్తూ, తోకతో వీపు మీద కొట్టుకుంటూ నిలబడి ఉంది. దాని పక్కనే ఒక మనిషి గొంతుకూర్చుని ఉన్నాడు. ఎడమ చేతిలో టార్చిలైటు. కుడి చేతిలో మూరెడు పొడవున్న గాజుగొట్టం, దాని చివర రబ్బరు గొట్టం. ఆ రబ్బరు గొట్టం కొసను నోట్లో పెట్టుకుని, గోడ మీద వాలిన దోమ దగ్గరకు గాజుగొట్టాన్ని మెల్లగా చేర్చి, చటుక్కున గాలి పీలుస్తాడు. దోమ గొట్టంలోకి వెళ్లిపోతుంది. మరి అతని నోట్లోకి వెళ్లదా అని మీరు అడుగుతారు. నేనూ అదే అడిగాను. రెండు గొట్టాలూ కలిసే చోట సన్నని వలగుడ్డ కట్టి ఉంటుంది. గాలి వస్తుంది, దోమ రాదు.

ఇది నేను కళ్లారా చూసిన దృశ్యం. మాది కర్నూలు-కడప కాలువ కింద ఉన్న పల్లె. కాలువకు నీళ్లు వదిలారంటే ఊరి చుట్టూ వరి మళ్లే. కొన్నేళ్ల క్రితం కీటకశాస్త్రజ్ఞుల బృందం ఒకటి నెలకొకసారి మా ఊరికి వచ్చి దోమల్ని పట్టుకుపోయేది. పొద్దుగూకిన దగ్గరనుంచి సరిగ్గా గంటసేపు పట్టేవారు. నేను తొమ్మిదో తరగతి పిల్లల్ని నలుగురైదుగురిని వెంటబెట్టుకుని వెళ్లేవాణ్ణి. ఆ కొట్టం ఒక ముసలి అవ్వది. మొదటిరోజు ఆమె చాలాసేపు చూసి, "ఏం నాయనా, ఊరు మింగేన్ని దోమలుంటే గుప్పెడు పట్టుకపోయి ఏం జేసుకుంటారు? అన్నీ పట్టుకపోతే మాకు కాస్త నిద్రన్నా పట్టును గదా!" అంది. గొట్టం పట్టుకున్నాయన నవ్వి, "తగ్గించడానికి కాదవ్వా, వీటి ఒంట్లో ఏముందో చూడడానికి" అన్నాడు.

దోమ ఒంట్లో ఏముందో చూడడమనేది మన తెలుగు నేలకు కొత్త కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమను కోసి, దాని జీర్ణకోశపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మలేరియా రోగిని కుట్టించి పెంచిన దోమ అది. అందుకు ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయనకు మామూలు సూక్ష్మదర్శిని సరిపోయింది. ఎందుకంటే మలేరియా క్రిమి వైరస్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. వైరస్ అలా కాదు. రాస్ వాడిన సూక్ష్మదర్శినితో ఎన్ని గంటలు చూసినా అది కనబడదు. మరి కనబడని దాన్ని దోమలో ఎలా వెదుకుతారు? ఆ సంగతికి వచ్చేముందు, అసలు ఎందుకు వెదకాలో చెప్పాలి.

మెదడువాపు

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా తరగతిలో ఒక కుర్రవాడు ఉండేవాడు. ఏడో తరగతి. లెక్కల్లో చురుకు. దసరా సెలవుల తరువాత బడి తెరిచాక అతడు రాలేదు. జ్వరం వచ్చిందన్నారు. మూడోనాటికి ఒళ్లు కొయ్యబారి ఫిట్స్ వచ్చాయనీ, మాట పడిపోయిందనీ తరువాత తెలిసింది. రెండు నెలలకు వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని బడికి తీసుకువచ్చాడు. మనిషి బతికాడు. కానీ పలక మీద తన పేరు రాయమంటే బలపం పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. అక్షరాలు పోయాయి. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది.

అతనికి వచ్చిన జబ్బు మెదడువాపు. మెదడువాపుకు కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే వైరస్. జపానులో 1924లో ఇది పెద్ద ఎత్తున వచ్చి ఆరువేల మందికి పైగా జబ్బుపడ్డారు. అందుకే ఆ పేరు. 1935లో అక్కడి శాస్త్రజ్ఞులు చనిపోయిన ఒక రోగి మెదడు నుంచి వైరస్‌ను వేరుచేశారు. 1938లో అదే వైరస్‌ను దోమల్లో పట్టుకున్నారు.

మన దేశంలో దీన్ని వైద్యులు మొదట గుర్తించింది 1955లో, వెల్లూరులో. ఉత్తర ఆర్కాటు నుంచీ, పొరుగున ఉన్న ఆంధ్ర ప్రాంతాల నుంచీ పిల్లల్ని అక్కడి ఆసుపత్రికి తెచ్చేవారు. మరుసటి సంవత్సరమే ఆ చుట్టుపక్కల పల్లెల్లో పట్టిన దోమల్లో వైరస్ దొరికింది. ఆ పని చేసింది పుణేలోని వైరస్ పరిశోధన కేంద్రం. 1952లో స్థాపించిన ఆ సంస్థే 1978 నుంచి జాతీయ వైరాలజీ సంస్థ అయింది. 1973లో పశ్చిమబెంగాల్‌లో, 1978లో ఉత్తరప్రదేశ్‌లో ఈ జబ్బు విజృంభించింది. 2005లో గోరఖ్‌పూర్ ప్రాంతంలో వచ్చినప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మీ వయసు పిల్లలే.

ఇక్కడ ఒక చిత్రమైన లెక్క ఉంది. ఈ వైరస్ ఒంట్లోకి ప్రవేశించిన వారిలో సుమారు 250 మందికి ఒక్కరికి మాత్రమే జబ్బు తీవ్రంగా వస్తుంది. మిగతావారికి వచ్చిపోయినట్లు కూడా తెలియదు. కానీ ఆ ఒక్కరి సంగతి చాలా కష్టం. మెదడువాపు వచ్చినవారిలో 100కు 30 మంది దాకా చనిపోవచ్చు. బతికినవారిలో మూడోవంతు నుంచి సగం మంది దాకా ఏదో ఒక లోపంతో మిగిలిపోతారు. వైరస్‌ను చంపే మందు లేదు. జ్వరం తగ్గించడం, ఫిట్స్ ఆపడం, ఊపిరి నిలబెట్టడం, డాక్టర్లు చేయగలిగింది ఇంతే.

ఈ లెక్కను ఇంకోవైపు నుంచి చూడండి. ఒక ఊళ్లో ఒక పిల్లవాడు ఆసుపత్రిలో చేరాడంటే, అప్పటికే ఆ చుట్టుపక్కల వందలమంది ఒంట్లోకి వైరస్ వచ్చిపోయిందన్నమాట. ఆసుపత్రిలో రోగుల్ని లెక్కపెడుతూ కూర్చుంటే మనకు సమాచారం అందేసరికే ఆలస్యమైపోతుంది. రోగి కంటే ముందు మాట్లాడగలిగేది ఏదైనా ఉందా? ఉంది. అదే దోమ.

కొంగ, పంది, దోమ

ఈ వైరస్ అసలు ఇల్లు మనిషి కాదు. నీటి పక్షులు. మీ పొలాల్లో గుడ్డికొంగలు, తెల్లకొంగలు చూసే ఉంటారు. వాటి రక్తంలో వైరస్ హాయిగా పెరుగుతుంది. కొంగకు మాత్రం ఏమీ కాదు. కొంగను కుట్టిన దోమ పందిని కుడుతుంది. పంది రక్తంలో వైరస్ విపరీతంగా పెరిగి, ఆ నాలుగైదు రోజులూ దాన్ని కుట్టిన దోమలెన్నో వైరస్‌ను మోసుకుపోతాయి. 1950లలో జపానులో పనిచేసిన శాస్త్రజ్ఞులు ఈ కొంగ-పంది-దోమ చక్రాన్ని విడమరిచి చూపించారు. పందికి పైకి జబ్బు కనిపించకపోయినా, చూలుతో ఉంటే పిల్లలు చచ్చి పుడతాయి. గుర్రాలకైతే మనిషికి లాగే మెదడువాపు వస్తుంది.

మరి గేదెలు, ఆవులు? దోమలు ఎక్కువగా కుట్టేది వాటినే. కానీ వాటి రక్తంలో వైరస్ పెద్దగా పెరగదు. అంటే పశువును కుట్టిన కాట్లన్నీ వైరస్ దృష్టిలో వృథా. అలాగని పశువులుంటే మనకు మేలే అనడానికీ లేదు. కడుపునిండా రక్తం దొరికిన దోమ ఎక్కువ గుడ్లు పెట్టి సంతతిని పెంచుతుంది కదా!

మనిషి కూడా వైరస్‌కు దారి మూసుకుపోయిన వీథే. మన రక్తంలో వైరస్ కొద్దిగా, కొద్దికాలం మాత్రమే ఉంటుంది. అందువల్ల జబ్బుచేసిన పిల్లవాణ్ణి కుట్టిన దోమ ఇంకొకరికి అంటించలేదు. రోగిని ముట్టుకుంటే అంటుతుందని మా ఊళ్లో ఆ కుర్రవాడి ఇంటి గడప తొక్కడం మానేసినవారు ఉన్నారు. అది వట్టి అజ్ఞానం.

ఈ వైరస్‌ను మోసే దోమల్లో ముఖ్యమైనది క్యూలెక్స్ జాతిది. దాని పూర్తి పేరు క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్. నోరు తిరగదని భయపడకండి, ఆ పేరుకు మూడు పట్టీల ముక్కు అని అర్థం. దాని దగ్గరి చుట్టం ఒకదాని పేరు క్యూలెక్స్ విష్ణుయి. దోమకు విష్ణుమూర్తి పేరెందుకు పెట్టారో ఆ పెట్టినాయనకే తెలియాలి. ఇవి మురుగుకాలవ దోమలు కావు. నాట్లు వేసిన వరి మడిలో నిలిచిన, ఎండ తగిలే నీటిలో పుడతాయి. సందెవేళ, రాత్రిపూట కుడతాయి. ఎక్కువగా ఆరుబయటే కుడతాయి.

గొట్టంలోంచి ప్రయోగశాలకు

ఇప్పుడు మళ్లీ మా అవ్వ కొట్టానికి వద్దాం. దోమలు పట్టేవారు గడియారం చూసుకుని మరీ ఎందుకు పడతారంటే, ఒక మనిషి ఒక గంటలో ఎన్ని దోమలు పట్టాడన్నది ఒక కొలత. ఇద్దరు మనుషులు గంటలో 300 దోమలు పట్టారనుకోండి, మనిషికి గంటకు 150. పోయిన నెల ఇదే కొట్టంలో ఇదే వేళకు 20 ఉండి ఈ నెల 150 అయితే, పొలాల్లో ఏదో జరిగిందని తెలుస్తుంది. మా ఊళ్లో అయితే అది కాలువకు నీళ్లు వదలడం. దోమను లెక్కపెట్టడం కూడా కొలతే. వర్షపాతం కొలిచినట్లే, ఒకే పద్ధతిలో, ఒకే చోట, ఏళ్ల తరబడి కొలవాలి. కర్నూలు జిల్లా పల్లెల్లో హైదరాబాదు లోని భారత రసాయన సాంకేతిక సంస్థవారూ, మదురైలోని వైద్య కీటకశాస్త్ర పరిశోధన కేంద్రంవారూ కలిసి ఇలాగే కొన్నేళ్లపాటు దోమల్ని పట్టి వైరస్ కోసం పరీక్షించారు.

గొట్టం పట్టుకుని కూర్చునే ఓపిక లేనిచోట ఉచ్చులు పెడతారు. ఒక చిన్న బల్బు, దాని కింద బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, ఫ్యాను కింద వలసంచి. బల్బు వెలుగు చూసి వచ్చిన దోమను ఫ్యాను కిందికి పీల్చేస్తుంది. పైన ఒక డబ్బాలో పొడిమంచు పెడితే ఇంకా ఎక్కువ వస్తాయి. పొడిమంచు అంటే గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు. అది కరిగి నీరు కాకుండా నేరుగా వాయువుగా మారుతుంది. మనం విడిచే ఊపిరిలోనూ ఉండేది ఆ వాయువే కనుక, అక్కడ ఏదో జంతువు ఊపిరి పీలుస్తోందని దోమ మోసపోతుంది. ఇంకొక ఉచ్చు ఉంది. అందులో గడ్డి నానబెట్టి కుళ్లిన కంపునీళ్లు పోసి ఉంచుతారు. గుడ్లు పెట్టడానికి నీళ్లు వెదుక్కునే ఆడదోమలు దానికి వస్తాయి. గుడ్లతో ఉన్న దోమ అంటే ఇంతకుముందే ఎక్కడో రక్తం తాగిన దోమ. వైరస్ దొరికే అవకాశం దానిలోనే ఎక్కువ. నేను చూసిన ఉచ్చులన్నిట్లో తెలివైనది ఇదేననిపిస్తుంది.

పట్టిన దోమల్ని చల్లదనంతో స్పృహ తప్పించి, మంచుగడ్డల మీద ఉంచిన పళ్లెంలో పోసి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటే జాతివారీగా ఏరతారు. మగవాటిని పక్కన పెడతారు. మగదోమ రక్తం తాగదు, చెట్ల తేనె తాగి బతుకుతుంది. దాని మీసాలు కుచ్చులా ఉంటాయి కనుక ఇట్టే పోల్చుకోవచ్చు. మా పిల్లల్లో ఒక అమ్మాయి పదినిమిషాల్లో ఆ తేడా నేర్చుకుని గబగబా ఏరుతుంటే, వచ్చినవారు ఆశ్చర్యపోయారు. నాకు అరగంట పట్టింది. కళ్లద్దాలు మార్చుకోవాల్సిన వయసు.

కొన్ని దోమల్ని కోసి వాటి వయసు కూడా చూస్తారు. దోమకు జన్మపత్రిక ఉంటుందా అనకండి, ఒక విధంగా ఉంది. ఎప్పుడూ గుడ్లు పెట్టని దోమ అండాశయం మీద సన్నని గాలిగొట్టాల కొసలు దారపు ఉండల్లా చుట్టుకుని ఉంటాయి. ఒక్కసారి గుడ్లు పెట్టిందంటే అండాశయం సాగి ఆ చుట్లు విడిపోతాయి, మళ్లీ చుట్టుకోవు. ఆ చుట్లను చూసి ఇది పడుచుదా, పెద్దదా అని చెప్పేస్తారు. వయసు ఎందుకంటే, వైరస్ ఉన్న రక్తం తాగిన దోమ ఆ మరునాడే అంటించలేదు. వైరస్ దాని కడుపు గోడ దాటి, ఒళ్లంతా పెరిగి, లాలాజల గ్రంథులకు చేరాలి. అందుకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. దోమ అన్నాళ్లు బతకాలి. ఊళ్లో లక్ష పడుచుదోమలున్నా భయం తక్కువ. ముసలి దోమలు పెరిగితేనే ముప్పు.

ఒకే ఊళ్లో, ఒకే రోజు పట్టిన ఒకే జాతి ఆడదోమల్ని 50 చొప్పున గుంపులు కట్టి చిన్న సీసాల్లో వేస్తారు. విడివిడిగా ఎందుకు పరీక్షించరు? లెక్క వేసి చూడండి. 2,000 దోమలకు 2,000 పరీక్షలు కావాలి. యాభైయేసి కలిపితే 40 చాలు. ఆ నలభైలో రెండు గుంపుల్లో వైరస్ దొరికిందనుకుందాం. ఒక్కొక్క గుంపులో కనీసం ఒక దోమకైనా వైరస్ ఉండి ఉండాలి. అంటే 2,000కు కనీసం 2. వెయ్యికి 1. దీనిని కనీస వైరస్ రేటు అనుకోండి. కనీసం అని ఎందుకన్నానో మీకు తట్టిందా? ఒకే గుంపులో వైరస్ ఉన్న దోమలు రెండో మూడో ఉండవచ్చు, పరీక్షలో ఆ తేడా తెలియదు.

ఇక వైరస్‌ను పట్టే ఉపాయాలు. పూర్వం దోమల్ని నూరి, ఆ ద్రవాన్ని వడగట్టి, పుట్టి ఒకటి రెండు రోజులైన ఎలుకపిల్లల మెదడులోకి ఎక్కించేవారు. వైరస్ ఉంటే అవి జబ్బుపడేవి. తరువాత మదురైవారు ఎలుకకు బదులు దోమనే వాడారు. టాక్సోరింకైటిస్ అనే పెద్ద దోమ ఒకటి ఉంది. ఒళ్లంతా నిగనిగలాడుతూ ఎంతో అందంగా ఉంటుంది. దోమల్లోకెల్లా సాధువు. దాని ఆడది కూడా రక్తం తాగదు. కాని దాని లార్వా మాత్రం మిగతా దోమల లార్వాలను తినేస్తుంది. మనిషిని కుట్టదు కనుక వైరస్ ఎక్కించినా ప్రయోగశాలలో పనిచేసేవారికి ప్రమాదం లేదు. నూరిన ద్రవాన్ని దీనిలోకి ఎక్కించి, కొన్నాళ్లు ఉంచి, తల నలిపి, వైరస్‌కు మాత్రమే అతుక్కునే ప్రతిరక్షకాలకు వెలిగే రంగు జోడించి వేస్తారు. వైరస్ ఉంటే ప్రత్యేకమైన సూక్ష్మదర్శిని కింద పచ్చగా మెరుస్తుంది.

ఇప్పుడు ఎక్కువగా పి.సి.ఆర్. పరీక్ష చేస్తున్నారు. 2020లో కరోనా వచ్చినప్పుడు మీలో చాలామందికి ముక్కులో పుల్ల పెట్టి తీసింది ఈ పరీక్ష కోసమే. వైరస్‌లోని ఆర్.ఎన్.ఏ. ముక్కను నకలు తీసి, ఆ నకలుకు నకలు తీసి, కోట్లకొద్దీ పెంచి కనబడేటట్లు చేస్తారు.

ఈ పరీక్షలకు దోమల్ని పల్లె నుంచి ప్రయోగశాలకు చెడిపోకుండా చేర్చాలి. దోమ చచ్చి వెచ్చగా ఉంటే వైరస్ నశిస్తుంది. అందుకని ద్రవ నత్రజని నింపిన బరువైన పాత్రలు మోసుకు తిరిగేవారు. కరెంటు సరిగా ఉండని పల్లెల్లో, గుంతల రోడ్ల మీద అదెంత అవస్థో ఊహించండి. మదురై పరిశోధకులు 1990లలో ఒక సులువు కనిపెట్టారు. వైరస్ ప్రాణంతో ఉండనక్కరలేదు, దాని ప్రోటీను ముక్క మిగిలి ఉంటే చాలుననే పరీక్ష ఒకటి ఉంది. దానికి దోమల్ని ఎండబెట్టి పంపినా సరిపోతుందని చూపించారు. మన ఇళ్లలో వడియాలు ఎండబెట్టుకున్నట్లు! ఖరీదైన పరికరాల కంటే ఇలాంటి సంగతులే నాకు ఎక్కువ ముచ్చట గొలుపుతాయి.

ఆస్ట్రేలియావారిది ఇంకొక ఉపాయం. దోమను నూరడం కూడా అవసరం లేదంటారు. ఆడదోమ రక్తంతోపాటు తీపి కూడా తాగుతుంది. తేనె పూసిన కాగితపు అట్టను ఉచ్చులో వేలాడదీస్తారు. తేనె తాగడానికి వచ్చిన దోమ తొండం దించినప్పుడు కొద్దిగా ఉమ్ము విడుస్తుంది. ఆ ఉమ్ములో వైరస్ ఉంటే అట్టకు అంటుకుంటుంది. ఆ అట్ట మీది మందు వైరస్‌ను చంపి, దాని ఆర్.ఎన్.ఏ.ను మాత్రం కాపాడుతుంది. అట్టను కవరులో పెట్టి టపాలో పంపితే చాలు. పైగా కడుపులో ఉన్న వైరస్ కాదు, నిజంగా కుట్టి అంటించగల వైరసే దొరుకుతుంది. అక్కడ కోళ్లను కూడా కాపలాకు పెడతారు. కోడికి జబ్బు రాదు, కానీ వైరస్ ఉన్న దోమ కుడితే రక్తంలో ప్రతిరక్షకాలు పుడతాయి. వారం పది రోజులకొకసారి ఆ కోళ్ల రక్తం తీసి చూస్తే చాలు.

ముందుగా తెలియని చోట

ఇదంతా లేనిచోట ఏమవుతుందో 1999లో న్యూయార్కువారికి తెలిసివచ్చింది. ఆ వేసవిలో అక్కడ కాకులు రాలిపోవడం మొదలైంది. కొద్దిరోజులకు ముసలివారు కొందరు మెదడువాపుతో ఆసుపత్రిలో చేరారు. డాక్టర్లు అది తమ దేశంలో అంతకుముందు ఉన్న వేరే వైరస్ అనుకున్నారు. కాకుల సంగతి వేరనుకున్నారు. బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో పనిచేసే పశువైద్యురాలు ట్రేసీ మెక్‌నమారా మాత్రం ఒప్పుకోలేదు. తమ దగ్గర ఫ్లెమింగోలు కూడా చనిపోతున్నాయి, డాక్టర్లు చెప్పే వైరస్ పక్షుల్ని చంపదు కదా, అన్నది ఆమె వాదన. చివరకు ఆమె మాటే నిజమైంది. అది వెస్ట్ నైల్ వైరస్. 1937లో ఆఫ్రికాలోని ఉగాండాలో మొదట దొరికినది. అమెరికాలో అంతవరకు ఎన్నడూ లేదు. ఆ ఏడు 62 మందికి జబ్బుచేసి ఏడుగురు చనిపోయారు. కొన్నేళ్లలోనే అది దేశమంతటా పాకింది. ఆ తరువాత అక్కడ దోమల నిఘాను ఎంతో పెంచారు.

2022లో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకోని చోట తేలింది. ఆస్ట్రేలియా దక్షిణభాగంలోని పందుల ఫారాల్లో పిల్లలు చచ్చి పుట్టసాగాయి. చూస్తే ఈ వైరస్. ఆ దేశపు ఉత్తరపు కొసన దీవుల్లో 1995లో కనబడిందే తప్ప, అంత దక్షిణానికి వస్తుందని ఎవరూ అనుకోలేదు. నలభైకి పైగా మనుషులకు జబ్బు చేసింది.

మన దగ్గర 2003లో జరిగినది మరొక పాఠం. ఆ ఎండాకాలం చివర నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో, పిల్లలు జ్వరంతో పడిపోయి ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. 329 మంది పిల్లలకు జబ్బుచేస్తే 183 మంది పోయారు. మెదడువాపు అనగానే అందరికీ దోమే గుర్తుకు వస్తుంది. కానీ పుణేవారు పరీక్షిస్తే అది చాందీపురా వైరస్ అని తేలింది. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురా అనే ఊళ్లో మొదట కనుగొన్నది. దానిని మోసేది దోమ కాదు, గోడల పగుళ్లలో ఉండే ఇసుక ఈగ. దోమకంటే చిన్నది, ఎగిరినా చప్పుడు ఉండదు. దోమల ఉచ్చులు మాత్రమే పెట్టుకుని కూర్చుంటే అది మనకు అంతగా చిక్కదు.

ఇంత చేసి దోమల్లో వైరస్ దొరికితే ఏం చేస్తారు? ఆ ప్రాంతంలో పిల్లలందరికీ టీకా పడిందో లేదో చూస్తారు. మన దేశంలో 2006 నుంచి ఈ జబ్బు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో పిల్లలకు టీకాలు వేస్తున్నారు. కర్ణాటకలోని కోలారులో దొరికిన వైరస్ నుంచి హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన టీకా 2013లో వచ్చింది. పందుల్ని ఇళ్లకు దూరంగా ఉంచమంటారు, ఆసుపత్రుల్ని సిద్ధంగా ఉండమంటారు, పొగమందు కొడతారు. పొగమందు మాత్రం ఆ పూటకే. రైతులు మడిలో ఎప్పుడూ నీళ్లు నిలపకుండా మధ్యమధ్య ఆరగట్టి మళ్లీ పెడితే లార్వాలు ఎండిపోతాయి. తమిళనాడులో వేపపిండి పూసిన యూరియా వాడి చూస్తే మళ్లలో లార్వాలు తగ్గాయి.

దోమలో వైరస్ దొరికిన ప్రతిసారీ ఊళ్లో జబ్బు వస్తుందనుకోకండి. చాలాసార్లు రాదు. పిల్లలకు టీకా పడి ఉండవచ్చు, దోమలు పశువులనే కుడుతుండవచ్చు, చలి పెరిగి దోమలే తగ్గిపోవచ్చు. మా ఊరికి వచ్చినవారిని నేను అదే అడిగాను, రాని జబ్బు కోసం ఇంత శ్రమా అని. అందులో పెద్దాయన, "మాస్టారూ, మీరు ప్రతిరోజూ హాజరు పిలుస్తారు కదా. అందరూ వచ్చిన రోజున పిలవడం దండగేనా?" అన్నాడు. నేను ఊరుకున్నాను.

మీరూ ఒక పని చేయవచ్చు. పొలంలోనో, ఇంటి వెనక తొట్టిలోనో కదులుతున్న లార్వాలను కొద్ది నీళ్లతో ఒక గాజుసీసాలో పట్టండి. మూతికి పలుచని గుడ్డ గట్టిగా కట్టండి. నీటి పైకి వచ్చి తల కిందికి వేలాడుతూ, తోకగొట్టంతో గాలి పీల్చేది క్యూలెక్స్ గానీ, ఈడిస్ గానీ అయివుంటుంది. నీటి అద్దానికి అంటుకున్నట్లు అడ్డంగా పడుకుని ఉంటే అది మలేరియా మోసే జాతి, అనాఫిలీస్. ఏ గుంటలో ఏది దొరికిందో తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి. వచ్చే నెల అదే గుంటకు వెళ్లి మళ్లీ చూడండి. చూడడం అయిపోగానే ఆ నీళ్లను ఎండనేల మీద పారబోయండి. రెక్కలు వచ్చేదాకా మాత్రం ఉంచవద్దు. ఒకసారి నేను మరిచిపోయి సీసాను బడి బీరువాలో వదిలేశాను. సోమవారం బీరువా తీసేసరికి గుడ్డ ఒక పక్క వదులయి ఉంది. ఆ వారమంతా మా ఎనిమిదో తరగతి పిల్లలు కాళ్లు కొట్టుకుంటూనే పాఠం విన్నారు.